ఇత్తడి కేస్ పొడవు: ఎప్పుడు కొలవాలి, ఎంత కోయాలి, ఎప్పుడు పారేయాలి

కిందటి చలికాలంలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు, గాజువాకలోని మా ఇంట్లో భోజనాలు ముగించి కూర్చున్న వేళ, టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. అక్కడ అప్పుడు ఉదయం పది. ముందు రోజు కాల్పుల రేంజిలో 308 వించెస్టర్ రైఫిల్‌తో, తాను సొంతంగా నింపుకున్న తూటాలు తొమ్మిది కాల్చాడట. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని, అంటే కేసును, దాచి దానిలోనే మళ్ళీ మందూ గుండూ నింపుతాడు. తొమ్మిదోది కాల్చాక బోల్ట్, అంటే తూటా వెనక తలుపులా మూసుకునే ఉక్కు కడ్డీ, చేత్తో లేవలేదు, అరచేత్తో కొట్టి ఎత్తాల్సి వచ్చింది. కేస్ అడుగున ఉండి మందును రాజేసే ప్రైమర్ ముఖం చదునుగా నలిగిపోయి ఉంది, లోపల పీడనం హద్దు మీరిందనడానికి అది గుర్తు. "మందు తూకం మూడుసార్లు చూశాను మావయ్యా, మాన్యువల్‌లో చెప్పిన గరిష్ఠానికి చాలా దిగువనే ఉన్నాను" అన్నాడు. మిగిలిన పదకొండు తూటాలను కాల్చకుండా వెనక్కి తెచ్చుకోవడం అతడు చేసిన మంచి పని. వాటి గుండ్లను పుల్లర్‌తో బయటికి లాగి, మందు ఒంపేసి, కేసులను ఒక్కొక్కటిగా నా కళ్ళ ముందే కొలిచాడు. వాటిలో అన్నిటికన్నా పొడవైనది 2.027 అంగుళాలు ఉంది. 308 కేసుకు అనుమతించిన గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, అంటే 51.18 మిల్లీమీటర్లు. అతడి నోట్‌బుక్‌లో మాత్రం అన్నీ హద్దు లోపలే ఉన్నట్టు రాసి ఉంది, ఎందుకంటే ఆ అంకెలు రెండు విడతల (నింపి కాల్చిన సార్ల) కిందటివి, అవి కూడా కేసును సైజింగ్ డైలోకి, అంటే ఉబ్బిన కేసును మళ్ళీ కొలతకు నొక్కే అచ్చులోకి, పంపకముందు కొలిచినవి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు విశాఖపట్నంలో ఒక కర్మాగారపు టూల్ రూమ్‌లో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా చేతికి తెలిసినది కొలత. తూటాల సంగతి మేనల్లుడితో కలిసి ఆరేళ్ళుగా ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. తూటాలు సొంతంగా నింపుకోవడం చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న తెలుగువారికి ఈ వ్యాసం.

పనిలోకి దిగేముందు చట్టం గురించి రెండు మాటలు తప్పనిసరిగా చెప్పాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, పైగా ఆ చట్టంలో "అమ్యునిషన్" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా చేరి ఉన్నాయి. కనుక విదేశంలోని రేంజిలో ఏరుకున్న ఖాళీ కేసును జ్ఞాపకంగా దాచుకుందామని సూట్‌కేసులో వేసుకుని విశాఖ విమానాశ్రయంలో దిగవద్దు, డైలూ, కేసును వాటిలోకి నొక్కే ప్రెస్సూ వెంట తేవద్దు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మితే మాత్రం కావాలి. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మా మేనల్లుడు పౌరసత్వం వచ్చాకే ఈ పనిలో చేయి పెట్టాడు. మీరూ మీ స్థితి ఏమిటో న్యాయవాదిని అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం. కేస్ ఎందుకు పొడవు పెరుగుతుందో అర్థమైతే ఏ దశలో ఎందుకు కొలవాలో దానంతట అదే బోధపడుతుంది. 308 తూటాలో అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మీ కారు టైరులో ఉండే గాలి 32 పౌండ్లనుకుంటే, దానికి ఇది ఇంచుమించు 1,900 రెట్లు. ఆ ఒత్తిడికి ఇత్తడి కేస్ ఉబ్బి ఛాంబర్ (నాళం వెనక తూటా కూర్చునే గది) గోడలను కరిచి పట్టుకుంటుంది. పలుచగా ఉన్న ముందు భాగం గోడకు అతుక్కుని కదలదు, మందంగా ఉన్న అడుగు భాగం మాత్రం వెనక్కి జరిగి బోల్ట్ ముఖానికి ఆనుకుంటుంది, ఈ రెంటి నడుమ, అడుగుకు కాస్త పైన, ఇత్తడి సాగుతుంది. తర్వాత మీరు ఆ ఉబ్బిన కేసును సైజింగ్ డైలోకి నొక్కినప్పుడు పక్కలు లోపలికి నలుగుతాయి, నలిగిన లోహానికి పోవడానికి ముందువైపు తప్ప దారి లేదు, అది భుజం (కేస్ వాలుగా సన్నబడే చోటు) మీదుగా, గుండును పట్టుకునే మెడలోకి చేరుతుంది. డై లోపలి ఎక్స్‌పాండర్ బంతి బయటికి వస్తూ మెడను మరికాస్త లాగుతుంది. అందువల్లనే కాల్చిన కేసును డైకి ముందు కొలిస్తే ఒక అంకె, డై తర్వాత కొలిస్తే అంతకంటే పెద్ద అంకె వస్తాయి. తూటాగా ఛాంబర్‌లోకి వెళ్ళేది డైలోంచి వచ్చిన కేస్ కాబట్టి మీకు పనికొచ్చేది రెండో అంకె ఒక్కటే.

మూతి దగ్గర జరిగే ప్రమాదం ఇలా ఉంటుంది. ఛాంబర్‌లో కేస్ మెడకు కేటాయించిన చోటు ఒక మెట్టులా ముగిసి, అక్కడి నుంచి సన్నబడి నాళంలోకి దారితీస్తుంది. కేస్ గరిష్ఠ పొడవు దాటి పెరిగితే దాని మూతి ఆ సన్నని చోట ఇరుక్కుంటుంది. గుండు వదులుగా బయటికి పోవాలంటే మెడ కాస్త విచ్చుకోవాలి, కానీ ఇరుక్కున్న మూతి విచ్చుకోలేదు సరికదా గుండునే బిగించి పట్టుకుంటుంది. మందు మండుతూనే ఉంటుంది, గుండు కదలడం ఆలస్యమవుతుంది, పీడనం హద్దు మీరుతుంది. మందు తూకంలో ఒక్క రవ్వ తేడా లేకపోయినా ఇది జరుగుతుంది. ఇంకో సంగతి గమనించండి: బోల్ట్‌కు ఉన్న లీవరు బలం చాలా ఎక్కువ కాబట్టి, ఇలాంటి తూటాను లోపలికి నెట్టేటప్పుడు మీ చేతికి పెద్దగా అడ్డు తగలకపోవచ్చు. "బోల్ట్ హాయిగా మూసుకుంది కదా" అన్నది పొడవు సరిగా ఉందనడానికి రుజువు కాదు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా కాల్చిన కేసులను తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. మెడ మీద చీలిక ఉన్నవీ, ప్రైమర్ గూడు వదులైనవీ అక్కడికక్కడే తీసేయండి. కాలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి దుమ్ము రేగే పనులు గాలి ఆడే చోట, మాస్కు కట్టుకుని చేయండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినవద్దు. తర్వాత కేసుకు డై లూబ్రికెంట్ పలుచగా రాసి, కాలిన ప్రైమర్ తీసివేసి, సైజింగ్ చేయండి. జిడ్డు పూర్తిగా తుడిచేయండి. జిడ్డుకు అంటుకున్న ఒక్క నలుసు చాలు, కొలతను తప్పు పట్టించడానికి.

కొలిచేముందే ప్రైమర్ తీసివేయమని ఎందుకు అంటున్నానంటే, కాల్చినప్పుడు ప్రైమర్ కొన్నిసార్లు గూట్లోంచి వెంట్రుక వాసి వెనక్కి జరిగి ఉంటుంది. వెర్నియర్ దవడ కేస్ అడుగుకు కాక ఆ ప్రైమర్‌కు ఆనుతుంది. మీరు లేని పొడవు చూసి కోస్తారు.

కొలతను గురించి నేను కొంచెం ఎక్కువ చెబుతాను, నా ఉద్యోగం అంతా అందులోనే గడిచింది కాబట్టి. డిజిటల్ గానీ డయల్ గానీ, 6 అంగుళాల వెర్నియర్ కాలిపర్ ఈ పనికి సరిపోతుంది. దవడలను మెత్తని కాగితంతో తుడిచి, మూసి, సున్నా చూసుకోండి. తెరిచి మళ్ళీ మూయండి, మళ్ళీ సున్నాయే రావాలి. అంగుళంలో వెయ్యో వంతును మా టూల్ రూమ్‌లో "థౌ" అనేవాళ్ళం, రోజూ వాడే జిరాక్స్ కాగితం ఒకటి ఇంచుమించు 4 థౌల మందం ఉంటుంది. మేనల్లుడి కేస్ హద్దు దాటింది 12 థౌలు, అంటే మూడు కాగితాలు. కంటికి ఆనే తేడా కాదు అది.

కేస్ అడుగును ఒక దవడకు బల్లపరుపుగా ఆనించి, రెండో దవడను మూతి దాకా నెమ్మదిగా తెచ్చి, కేసును వేళ్ళతో అటూ ఇటూ సన్నగా ఆడించండి. వంకరగా పట్టుకుంటే అంకె పెద్దదే వస్తుంది, కాబట్టి ఆడించేటప్పుడు కనిపించే అతి చిన్న అంకె నిజమైనది. తర్వాత కేసును మూడో వంతు తిప్పి మళ్ళీ కొలవండి, మరో మూడో వంతు తిప్పి మరోసారి కొలవండి. మూడు అంకెలూ 2 థౌలకు మించి తేడా పడితే మూతి ఏటవాలుగా ఉందని అర్థం, అలాంటి కేసును పొడవు హద్దులో ఉన్నా ట్రిమ్ చేయాలి, అంటే మూతిని కోసి సమం చేయాలి. దవడలను గట్టిగా నొక్కవద్దు, మెడ ఇత్తడి పలుచన, దవడ అంచు దానిలో నొక్కు పెడుతుంది.

ఎండ వేడికి ఇత్తడి సాగి కొలత మారుతుందేమోనని మా మేనల్లుడు ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్నే. పొడవు కొలతలకు ప్రామాణికమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. విశాఖ మే నెలలాగా గదిలో 35 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 51 మిల్లీమీటర్ల ఇత్తడి కేస్ ఇంచుమించు 0.015 మిల్లీమీటరు పెరుగుతుంది, కానీ ఉక్కు వెర్నియర్ కూడా వేడికి పెరుగుతుంది కదా, రెంటికీ మధ్య మిగిలే తేడా 0.006 మిల్లీమీటరుకు మించదు. పావు మిల్లీమీటరు హద్దుల్లో చేసే పనిలో దానికి విలువ లేదు. మాకు ఇక్కడ ఎండ కంటే సముద్రపు గాలే పెద్ద శత్రువు. ఉప్పుతేమకు దవడల మీద కంటికి కనిపించని తుప్పు పొక్కులు లేస్తాయి. మీరు కోస్తా ఊళ్ళలో, హ్యూస్టన్ లాంటి చోట ఉంటే, వెర్నియర్‌ను నూనె తడి గుడ్డతో తుడిచి సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో ఉంచండి.

కొలతను దేనితో పోల్చాలంటే, మీ రీలోడింగ్ మాన్యువల్‌లో ఆ క్యాలిబర్ పేజీలోనే రెండు అంకెలు ఉంటాయి, గరిష్ఠ పొడవు ఒకటి, కోశాక ఉండాల్సిన ట్రిమ్ పొడవు ఒకటి. అంగుళాల్లో 308కు అవి 2.015, 2.005. 223 రెమింగ్టన్‌కు 1.760, 1.750. 30-06కు 2.494, 2.484. మన పోలీసుల చేతుల్లో తరతరాలు చూసిన 303కు 2.222, 2.212. వరసగా చూస్తే రెంటి మధ్య తేడా ఎక్కడైనా 10 థౌలే. నేను రాసిన అంకెలను నమ్మి పని చేయవద్దు, మీ మాన్యువల్ తెరిచి సరిచూసుకున్నాకే కాగితం మీద రాసి బల్లకు అంటించుకోండి. మందు తూకాలు ఈ వ్యాసంలో ఒక్కటి కూడా ఇవ్వలేదు, అవి ప్రచురించిన మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

ఇక్కడ కొత్తవారు మూడు పొడవులను కలిపేసుకుంటారు. అడుగు నుంచి మూతి దాకా ఉన్నది కేస్ పొడవు. అడుగు నుంచి భుజం మీద ఒక నిర్ణీత బిందువు దాకా ఉన్నది హెడ్‌స్పేస్ కొలత, దాన్ని ట్రిమ్మర్ ఏమీ చేయలేదు, అది సైజింగ్ డైని ఎంత లోతుకు బిగించారన్న దాన్నిబట్టి ఉంటుంది. గుండు కొన దాకా ఉన్నది తూటా మొత్తం పొడవు. మొదటిది హద్దు దాటితే మూతి ఇరుక్కుంటుంది, రెండోది తప్పితే కేస్ నడుము తెగుతుంది, మూడోది తప్పితే గుండు నాళంలోని చాళ్ళకు ముందే తగులుకుంటుంది. ఒకదాన్ని సరిచేసి మిగతా రెండూ సరిపోయాయనుకోకండి.

ట్రిమ్మర్‌లో కేసును బిగించి, మెడలోకి పైలట్ (కేసును కట్టర్‌కు తిన్నగా నిలిపే సన్నని కడ్డీ) సరిగ్గా దిగిందో లేదో చూడండి. మొదటి కేసును కొంచెం పొడవుగా ఉంచి కోసి, కొలిచి, కట్టర్‌ను దించి, మళ్ళీ కోసి, ట్రిమ్ పొడవుకు వచ్చాక బిగింపు మర సరిగా కట్టుబడిందో లేదో ఇంకో రెండు కేసులతో పరీక్షించండి. కట్టర్ మీద ఒత్తిడి పెట్టవద్దు. ఆటోనగర్ లేత్ షెడ్లలో ఇత్తడి మీద పనిచేసే కుర్రవాళ్ళను చూస్తే తెలుస్తుంది, తొందరపడి నెట్టినవాడి ముక్క మీద అలలు పడతాయి, నిదానంగా తిప్పినవాడిది అద్దంలా వస్తుంది. కట్టర్ గీరుతున్న చప్పుడు ఆగి ఊరికే జారుతున్నట్టు చేతికి తెలిసినప్పుడు ఆపండి. విడతలోని కేసులన్నిటినీ ఒకే పొడవుకు తెండి. 2.005 కావలసిన చోట అన్నీ 2.003 వచ్చినా నష్టం లేదు, సగం 2.003, సగం 2.010 రావడం మంచిది కాదు. అలాగని మరీ పొట్టిగా కోయవద్దు: పొట్టి కేస్ పీడనాన్ని పెంచదు గానీ, మూతికీ ఛాంబర్ మెట్టుకూ మధ్య మిగిలిన సందులో మసి పేరుకుని గట్టిపడుతుంది, తర్వాత సరైన పొడవున్న కేస్ వేసినప్పుడు ఆ గట్టిపడిన మసే మూతిని నొక్కుతుంది.

కోసిన మూతికి లోపలా బయటా సన్నని గరుకు అంచు మిగులుతుంది. అంచును నున్నగా గీసే చాంఫర్ పనిముట్టుతో లోపల రెండు మూడు తిప్పులు, బయట ఒకటి రెండు తిప్పులు చాలు. వేలి కొనతో తడిమితే గరుకు తగలకూడదు, అంతే. మూతి కత్తి అంచులా పలుచబడేదాకా గీస్తే అది తర్వాతి కాల్పులకు చీలిపోతుంది. పని అయ్యాక ఇత్తడి రజను కేసులో మిగలకుండా బోర్లించి తట్టి, తుడిచి, మళ్ళీ కొలిచి, ఆ అంకెనే పుస్తకంలో రాయండి.

గురి విషయంలో పొడవుకు ఉన్న ప్రభావాన్ని నేను ఉన్నంతే చెబుతాను. 100 గజాల దూరంలో మూడు నాలుగు థౌల తేడా లక్ష్యం మీద గుండ్లు పడే గుంపును పెద్దగా మార్చదు. తేడా కనిపించేది రెండు చోట్ల. ఒకటి, గుండును క్రింప్ చేసేవారికి, అంటే కేస్ మూతిని గుండు మీదికి నొక్కి బిగించేవారికి: డై ఒకే ఎత్తులో ఆగుతుంది, కాబట్టి పొడవైన కేసుకు క్రింప్ ఎక్కువగా, పొట్టిదానికి తక్కువగా పడుతుంది, మరీ పొడవైతే భుజం ఉబ్బి తూటా ఛాంబర్‌లో దిగదు. రెండోది, దూరపు గురికి: మెడ గుండును పట్టుకునే నిడివీ బిగువూ ఒక్కో కేసుకు ఒక్కోలా ఉంటే గుండ్ల వేగం మారుతుంది, వేగంలోని ఆ తేడా 600 గజాల దగ్గర నిలువు చెదురుగా బయటపడుతుంది. ఏటవాలు మూతి గుండును ఒకవైపు ముందుగా వదులుతుంది, అందుకే పైన మూడు చోట్ల కొలవమన్నాను. భద్రతకు గరిష్ఠ పొడవు దాటకపోవడం చాలు, గురికి మాత్రం అన్నీ సమానంగా ఉండటం కావాలి.

ఇప్పుడు నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. కోసి పారేసిన ఆ ఇత్తడి ఎక్కడి నుంచి వచ్చింది? కేస్ కొత్తగా లోహాన్ని పుట్టించుకోదు. ప్రతి విడతకు 6 థౌల చొప్పున అయిదు సార్లు కోశారంటే 30 థౌలు, అంటే ముప్పాతిక మిల్లీమీటరు పొడవున్న మూతి ఉంగరాన్ని తీసేశారు. అందులో చాలా భాగం అడుగుకు కాస్త పైన సాగిన గోడ నుంచి వచ్చి ఉండవచ్చు, అంటే పైన మీరు కోసినకొద్దీ కింద గోడ పలుచబడుతోంది. ట్రిమ్మర్ మూతిని సరిచేస్తుంది, పలుచబడిన గోడను సరిచేయదు. మిగతావాటికంటే త్వరగా పొడవు పెరిగే కేస్ ఏదైతే ఉందో, దాన్నే ముందుగా అనుమానించాలి.

దీన్ని కనిపెట్టడానికి ఒక పేపర్ క్లిప్ చాలు. దాన్ని నిటారుగా సాగదీసి, చివర రెండు మిల్లీమీటర్లు ఎల్ ఆకారంలో వంచి, కొనను ఆకురాయి మీద పదును పెట్టండి. కేస్ లోపల అడుగు దాకా దించి, కొనను గోడకు ఆనించి నెమ్మదిగా పైకి లాగండి. మంచి కేసులో కొన జారుతూ వస్తుంది. గోడ పలుచబడిన కేసులో, అడుగు నుంచి అర సెంటీమీటరు ఎత్తులో, కొన ఒక గాడిలో పడి చిన్నగా తట్టుకుంటుంది. బయట అదే ఎత్తులో చుట్టూ మెరిసే గీత కూడా కనిపించవచ్చు. గాడి తగిలితే ఆ కేస్ జీవితం అయిపోయినట్టే, మరో కాల్పుకు అక్కడ తెగి, వేడి వాయువు బోల్ట్ వైపు ఎగదన్నే అవకాశం ఉంది. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కాల్చేటప్పుడు కళ్ళజోడు తప్పనిసరి అనడానికి ఇదొక్క కారణం చాలు. అడుగున పొడుచుకొచ్చిన అంచు మీద ఛాంబర్‌లో ఆగే 303 కేసుల్లో, అందులోనూ విశాలమైన సైనిక ఛాంబర్ల రైఫిళ్ళలో, ఇది త్వరగా వస్తుంది, వాటిని ప్రతి విడతకూ తడిమి చూడండి.

సాగుదలను తగ్గించే దారి డై బిగింపులో ఉంది. డైని అడుగంటా దించి భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెట్టితే, తర్వాతి కాల్పులో అంత దూరమూ ఇత్తడి సాగాలి. బోల్ట్ రైఫిల్‌కు, మీ ఛాంబర్‌లోనే కాల్చిన కేస్ భుజాన్ని కంపేరేటర్‌తో (అడుగు నుంచి భుజం దాకా కొలవడానికి వెర్నియర్‌కు తగిలించే ముక్కతో) కొలిచి, అక్కడి నుంచి 1 లేదా 2 థౌలు మాత్రమే వెనక్కి వెళ్ళేలా డైని సర్దుకోండి. మా మేనల్లుడి డై 7 థౌలు నెడుతోందని ఆ రాత్రే తేలింది. అతడి కేసులు అంత వేగంగా ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది.

ఆ పదకొండు కేసులనూ క్లిప్‌తో తడిమించాను. నాలుగింటిలో గాడి తగిలింది. ఫోన్‌ను వైస్ దగ్గర పెట్టి, ఆ నాలుగింటి మూతులనూ ప్లయర్‌తో నొక్కి చదును చేసి తుక్కు డబ్బాలో వేశాడు, పొరపాటున కూడా మళ్ళీ మంచివాటిలో కలవకుండా. మిగిలిన ఏడింటిని 2.005కు కోసి, వాటిని ఎన్నిసార్లు కాల్చాడో, డై తర్వాత పొడవెంతో, ఎన్ని థౌలు కోశాడో డబ్బా మూత మీదే రాశాడు. ఇప్పుడు ప్రతి విడతకూ ఆ మూత ఫోటో నాకు పంపుతాడు, నేను అంకెలు చూసి ఏ కేస్ వరస తప్పిందో చెబుతాను.